తెల్లవారువరకు బుర్రకథ

రాత్రివేళ నిల్లు విడిచి ఆటపాటలు చూడబోవుట కుటుంబస్త్రీలకు తగునా తగదా యని మన పెద్దలు చిరకాలమునుండి తర్కించుచునే యున్నారు. తగదని గట్టిగా వాదించినవారి యిండ్లలోని యాడువారే తోలుబొమ్మలాటనాడు చాప చంకబెట్టుకొని, పిల్లవానిని భుజమున వేసికొని, అందరికంటె ముందుగా పోయి మంచిచోటు పట్టుకొనుటయు మన మెరుగనిది కాదు. కావున ఆ తర్కమును పెద్దలకే విడిచిపెట్టి, గడచిన మాఘమాసమున తాడేపల్లిగూడెములో నొక చిన్న క్లబ్బునందు మేము తెల్లవార్లు చూచిన బుర్రకథలనుగూర్చి సోదరీమణులకు మనవి చేయ నెంచితిమి.

బుర్రకథ యన నేమో నేటి పిల్లలకు విడమరచి చెప్పవలసిన దినములు వచ్చినవి. కథ చెప్పువా డొకడు, అతని కిరువైపుల వంతపాడువా రిద్దరు. ఈ మువ్వురే దళము. తెర లేదు, వేషము మార్చుట లేదు, రంగాలంకారము లేదు. తలపాగకు తురాయి, నిలువుటంగీ, నడుమునకు బిగించిన పటకా, కాళ్ళకు గజ్జెలు, ఇంతియే వేషము. కథకుడు భుజముపై తంబుర మోపి యొకచేత మీటుచు, బొటనవ్రేలికి తొడిగిన అందెను ఉంగరముతో తాటించుచు, ముందునకు వెనుకకు అడుగులు వేయుచు కథ నడుపును. వంతలు మట్టితోగాని యిత్తడితోగాని చేసిన డక్కీలు వాయించుచు, అతడు విడిచిన చరణపు తోకను పట్టుకొని పాడుదురు. ఆ పాడినంతసేపు కథకునికి ఊపిరి తీసికొన వీలు చిక్కును. తంబుర బుర్రనుబట్టి యీ పేరు వచ్చినదని కొందరును, వంతల వాద్యమునుబట్టి వచ్చినదని కొందరును చెప్పుదురు. వంతలలో నొకడు హాస్యమునకు, రెండవవాడు లోకవ్యవహారములమీద విసురులకు ఏర్పడినవారు. చూచువారి మనస్సులో పుట్టబోవు సందేహమును వారు ముందుగానే యడుగుదురు. కథకుడు దానికి బదులు చెప్పును. ఇంత సులువైన యేర్పాటుతో మువ్వురు మనుష్యులు ఐదువందలమందిని కదలనీయక కూర్చుండబెట్టుదురు.

ఇది నిన్న మొన్న పుట్టినది కాదు. జంగముకథ, శారదకాండ్రు చెప్పు కథలు, ఉత్తరాంధ్రమందలి జముకులకథ దీనికి దాయాదులు. శారదకాండ్ర కథలలో ప్రక్కనిలిచి వంతపాడువారు తరచుగా కథకుని యింటి యాడువారే యను సంగతిని, ఆడుది వేదిక యెక్కరాదనెడు పెద్దమనుష్యులు మరతురు. ఇంకను వెనుకకు పోయినచో, వినుకొండ వల్లభరాయని పేర వెలసిన క్రీడాభిరామమున నోరుగంటి వేడుకలు వర్ణించుపట్ల నొక స్త్రీ పలనాటి వీరుల కథను ద్విపదలో, త్వరితమైన తాళముతో పాడుచుండగా చుట్టుమూగిన పడుచువాండ్రు అక్షర మక్షరమునకు ఈలలు కేకలు వేయుచు తూగినట్లున్నది. ఆ కావ్యము ఆడుపిల్లలు చదువదగినది కాదని మా తండ్రిగారు దానిని బీరువా పైయరలో నుంచెడివారు. ఆ పద్యమును మాత్రము తామే చదివి వినిపించి, తొడమీద తాళము వేసి చూపిరి. తక్కిన పుటలను మేము పెండ్లియైన పిదప చదివితిమి. పైయరలో నుంచుట సమంజసమే.

నేడు మనము బుర్రకథ యని పిలుచు రూపము 1940 ప్రాంతములనాటిది. 1943లో నేర్పడిన ప్రజానాట్యమండలివారు జంగముకథలోని బిగువును గ్రహించి, కరవు, యుద్ధము, కూలివాని కడుపుమంట మొదలగు వర్తమాన విషయములను అందులో చొప్పించిరి. గుంటూరు మండలములోని పొన్నెకల్లున 1920లో జన్మించిన షేక్ నాజరుగారు దానికి శాస్త్రీయసంగీతపు మెరుగు పెట్టి, పలనాటి యుద్ధము, బొబ్బిలి యుద్ధము, అల్లూరి సీతారామరాజు కథలను ఊరూర చెప్పి, ఒక తరమువారి చెవులలో ఆ గొంతు నిలిచిపోవునట్లు చేసిరి. చెన్నపట్టణపు ప్రభుత్వమువారును, నిజామువారును దీనిని నిషేధించిరన్నచో మువ్వురి నోట ఎంత శక్తి యుండెనో తెలిసికొనవచ్చును. 1954లో వచ్చిన అగ్గిరాముడు చలనచిత్రములో నాజరుగారి బుర్రకథ కలదు. వారికి 1986లో పద్మశ్రీ లభించెను, 1997లో స్వర్గస్థులైరి. మన గోదావరిసీమకు చెందిన మిరియాల అప్పారావుగారికి 2025లో అదే బిరుదము వచ్చినది గాని, వారు దానిని చూడకుండగనే కన్నుమూసిరి.

స్త్రీల సంగతి చెప్పవలెను. ప్రజానాట్యమండలి తొలినాళ్ళలోనే మోటూరి ఉదయముగారు స్త్రీల దళమునకు నాయకురాలై కథ చెప్పిరి. ఆ కాలమున గృహస్థుల యింటి ఆడుపడుచు తలపాగ చుట్టి వేలమంది పురుషుల యెదుట నిలిచి అడుగు వేయుట యెంతటి సాహసమో, అత్తవారింట కాపురము చేసిన మన పాఠకురాండ్రకు మేము చెప్పనక్కరలేదు. అది జరిగి ఎనుబది యేండ్లు గడచినను ఆ సాహసపు వెల తగ్గలేదనుటకే యీ క్రింది వృత్తాంతము.

ఏలూరిలో మా యింటివారియొద్ద చదువుకొన్న పిల్ల యొకతె కలదు. కొల్లేటి లంకగ్రామమున పుట్టినది. 2006లో కొల్లేటి అభయారణ్యములోని చేపల చెరువుల గట్లు కొట్టివేసినప్పుడు తండ్రికి పనిపోగా, వారు ఏలూరు చేరిరి. తండ్రి బజారులో మూటలు మోయును, తల్లి చేపలమ్మును. పిల్ల బి.ఏ. వరకు చదివినది. కళాశాల వార్షికోత్సవమునకు సరదాగా పట్టిన డక్కిని మరల విడువలేదు. ఒక స్త్రీల దళములో వంతగా చేరి, జాతరలకు, పెండ్లిండ్లకు, ప్రభుత్వమువారి ప్రచారసభలకు పోవుచున్నది. ఇంతలో నొక మంచి సంబంధము వచ్చెను. పిల్లవానికి ఉద్యోగము కలదు, కట్నపు పట్టింపు లేదు. వా రడిగిన దొక్కటియే: పిల్ల రాత్రులు ఊళ్ళవెంట తిరిగి డక్కి కొట్టుట మానవలెను. పిల్ల మాననన్నది. తల్లి మాయింటికి వచ్చి గడపలో కూర్చుండి, “అమ్మగారండీ, మీరు సదువుకున్నోరు. మా యమ్మి ఆడే ఆట నేనెప్పుడూ సూళ్ళేదండి. ఆ టయానికి మా బజారు పని. మీరు సూసొచ్చి, మంచిదైతే మంచిదని సెప్పండి, కాకపోతే కాదని సెప్పండి. దాన్ని మాన్పించే పూచీ నాది” అని యడిగినది.

ఒకరి కడుపున పుట్టిన బిడ్డనుగూర్చి తీర్పు చెప్పుట మాకు కష్టముగా తోచి, నీవును మాతో రమ్మంటిమి. ఒక రాత్రి బేరము పోవునని కొంతసేపు సందేహించి, తుదకు ఒప్పుకొనినది. మేమును, మా యింటివారును, ఆమెయు సాయంకాలపు రైలులో బయలుదేరితిమి. దెందులూరు, భీమడోలు, పూళ్ల దాటి గూడెము చేరునప్పటికి దీపములు పెట్టిరి. దారిపొడుగున నామె యొక్క మాటయు మాటాడలేదు. కిటికీలోనుండి చెరువుల నీళ్ళను చూచుచు కూర్చుండెను.

ఆ క్లబ్బు చిన్నది. పాత పెంకుటిల్లు, పగలు పేకాట, చదరంగము. ఆనాడు బల్లలను గోడకు చేర్చి, పెరటివైపున పలకలతో వేదిక కట్టిరి. నూటయేబదిమంది కూర్చుండిన కాలు చాప వీలులేదు. ఒకమూల స్త్రీలకు ప్రత్యేకస్థలమని అట్టమీద వ్రాసి తగిలించిరి గాని, ఆ యట్టక్రిందనే మగవారు తమ చెప్పులన్నియు విడిచిరి. వానిని త్రోసి చాప పరచుకొంటిమి. మూడు దళములు, ఒకటి తరువాత నొకటి, తొమ్మిదిగంటలనుండి తెల్లవారువరకు చెప్పునట్లు ఏర్పాటు.

తాడేపల్లిగూడెములో 2015లో జాతీయ సాంకేతిక విద్యాసంస్థను స్థాపించినది మొదలు నానాదేశముల పిల్లలు ఆ యూరిలో కనబడుచున్నారు. వారిలో పదిమంది వచ్చిరి. జుట్టు పొట్టిగా కత్తిరించుకొన్న తెలుగుపిల్ల యొకతె మా చాపమీదికి వచ్చి, మమ్ము ‘ఆంటీ’ యని పిలిచి (ఆ పిలుపునకు మేమింకను అలవాటుపడలేదు) ప్రక్కన కూర్చుండెను. హైదరాబాదులోను, బెంగుళూరులోను చిన్నచిన్న క్లబ్బులలో రాక్ బ్యాండులను చూచుట ఆమెకు వేడుకయట. అదెట్లుండునని మేమడుగగా ఓపికతో చెప్పినది: గిటారు వాయించుచు పాడువా డొకడు, మందరస్థాయి తంత్రులు మీటువా డొకడు, డోళ్ళముందు కూర్చుండువా డొకడు. ముగ్గురు నలుగురే. చూచువారు కూర్చుండరు, నిలుచుండి తూగుదురు. పెద్ద మైదానములకంటె చిన్నగదిలోనే సొంపట. పాడువాని చెమట కనబడవలెనట. లోకమంతయు పిచ్చెత్తించిన బీటిల్సనువారు ఇంగ్లండులో లివర్పూలు పట్టణమున కావెర్న్ అను నేలమాళిగ క్లబ్బులో 1961 మొదలు 1963 వరకు రమారమి మూడువందలమారులు పాడిరనియు, ఆ యిరుకు గదియే వారికి బడి యైనదనియు చెప్పెను. మాకు క్రీడాభిరామము జ్ఞప్తికి వచ్చినది. ఆ పిల్లకు ఆ పద్యమును చెప్పి వినిపించితిమి, అర్థము చెప్పినంతనే పకపక నవ్వి, “ఐదారువందల ఏళ్ళ కిందటే మనవాళ్ళు ఈలలు వేశారా!” యని తన స్నేహితులకు చెప్పబోయినది.

మొదటి దళమునుగూర్చి చెప్పదగినది స్వల్పము. విషయము పారిశుధ్యము. అది మంచి విషయమే. కాని వారు తంబురను అలంకారముగా భుజమున నుంచుకొని, ప్రక్కన విద్యుత్ హార్మోనియము పెట్టించి, సినిమా వరుసలలో పాడిరి. తంబుర తీగె పలుకనిచో అది బుర్రకథ యెట్లగునో మాకు తెలియదు. శబ్దయంత్రపు పెట్టెల ఘోష మా ఎముకలలో వినబడినది. చెవిలో దూది పెట్టుకొంటిమి.

రెండవది వృద్ధుని దళము. డెబ్బదియేండ్లు దాటినవాడు, వంతలు ఆయన కొడుకును, మేనల్లుడును. ఎక్కుటకు ముందు పెరటిలో చితుకులు రగిల్చి డక్కీలను సెగ చూపిరి. కొల్లేటివైపునుండి వీచు తేమగాలికి చర్మము వదులగునట, సెగకు బిగియునట. వ్రేలితో తట్టి, చెవి యొగ్గి, మరల సెగ చూపి, ఆ పని అరగంటసేపు చేసిరి. జనము విసుగుకొనినను వారు తొందరపడలేదు.

కథ బొబ్బిలి యుద్ధము. 1757వ సంవత్సరము జనవరి 24వ తేదీన బుస్సీ ఫిరంగులు కోటను కూల్చిన కథ. విజయరామరాజు పగ, రంగారాయుని పంతము, మల్లమ్మదేవి, డేరాలో దూరి పగ తీర్చుకొన్న తాండ్ర పాపారాయుడు. ఎరుగనివా రెవరు? ఎరిగియుండియు ఊపిరి బిగబట్టి వింటిమి. ఆ వృద్ధుని నేర్పు నొకదానిని పేర్కొనవలెను. మైకు వేదికమధ్య కదలక నిలుచుండును, కథకుడో తిరుగువాడు. మొదటి దళమువాడు వెనుకకు పోయినప్పుడెల్ల మాట మాయమైనది. ఈయన ఉచ్చస్థాయి కేకలన్నియు దూరమునుండి వేసి, మెత్తని మాట వచ్చునప్పటికి సరిగా మైకు దగ్గర అడుగు పడునట్లు లెక్కగట్టి నడచెను. ఆ లెక్క ఎవరికిని కనబడదు. మా ప్రక్కనున్న పిల్లయే పట్టుకొని మాకు చూపినది. డేరాలోని ఘట్టమున రెండు డక్కీలును ఒక్కసారి ఆగిపోయి, అందె యొకటియే కిణుకు కిణుకుమని మ్రోగినప్పుడు ఇంటిచూరులోని బల్లి పలికినను వినబడియుండును.

కోటలోని స్త్రీల చావును మాత్ర మాయన గొప్పగా కీర్తించి త్వరగా దాటిపోయెను. పురుషులు చెప్పు బొబ్బిలికథలలో నిది మామూలే. వారి చావునకు నాలుగు చరణములు, పాపారాయుని మీసమునకు పది.

రెండుగంటలు దాటినవి. మగవారు టీకి లేచిరి. స్త్రీల యిబ్బంది యిక్కడ చెప్పక తప్పదు: ఆ క్లబ్బులో ఆడువారికి మరుగుదొడ్డి లేదు. మేమే కాదు, కథ చెప్పవలసిన ఆడువారును దిక్కులు చూచిరి. ఎదురింటి ఇల్లాలు నిద్ర లేచి తలుపు తీయకున్నచో ఏమగునో! ఆడుపిల్లలు రాత్రులు తిరుగుట తగునా యని వాదించు సభలవారు ముందుగా నీ చిన్న యేర్పాటు చేసినచో వాదమునకు కొంత విలువ యుండును.

మూడవ దళము స్త్రీలది. కథకురాలు నలుబదియేండ్ల యామె. ఆమె భర్తయే వారిని బండిలో తీసికొనివచ్చి, సామాను దింపి, వేదికప్రక్కన ముక్కాలిపీటమీద కూర్చుండెను. ఏ యూరికి పోయినను అదే అతని స్థానమట. ఒక వంత హాస్యమునకు. రెండవ వంత మన పిల్ల. ఎఱ్ఱ తలపాగ, తురాయి. తల్లి మొదట గుర్తుపట్టలేదు. గుర్తుపట్టినపిదప కొంగు నోటికి అడ్డము పెట్టుకొని, తల వంచుకొనినది.

కథ పలనాటి యుద్ధము. గురజాలలో నలగామరాజునకు మంత్రిణియైన నాయకురాలు నాగమ్మ, మాచెర్ల పక్షమున బ్రహ్మనాయుడు, కోడిపందెము, ఏడేండ్ల వనవాసము, కార్యమపూడి రణము. శ్రీనాథుని పేర ద్విపదలోనున్న యీ కథను మేము చిన్ననాడు కంఠస్థము చేసినవారము. అందు నాగమ్మ దుష్టురాలు; అది యెవరును ప్రశ్నింపరు. ఇక్కడ వంత ప్రశ్నించెను. కోడిపందెము ముగిసినంతనే మన పిల్ల డక్కి నొక్కదెబ్బ కొట్టి, “అక్కా, పలనాడు పాడయింది ఆడదాని పెత్తనం వల్లేనంటారే?” అన్నది.

“పందెం దగ్గర ఆవిడ ఒక్కతే కూర్చుందా చెల్లీ?”

“లేదు, అవతల బ్రహ్మనాయుడు.”

“ఓడినవాళ్ళు ఏడేళ్ళు ఊరొదిలి పోవాలన్న షరతుకి ఒప్పుకున్నదెవరు?”

“ఇద్దరూను.”

“అయితే పాపం ఆవిడ లెక్కలో సగం రాద్దామా, మొత్తం రాద్దామా?”

పిల్ల ఒక్క నిమిషమాగి, మగవారివైపు తిరిగి, “అది సరేగాని అక్కా, మొన్న సంక్రాంతికి పుంజుల మీద అరెకరం పోగొట్టుకున్న పెద్దాయన ఇంట్లో నాగమ్మ ఎవరో కనుక్కోవాలి!” అనగా ఇల్లెగిరిపోవునట్లు నవ్విరి. భీమవరపు చుట్టుప్రక్కల సంక్రాంతి పందెముల సంగతి ఎరిగినవారికి ఆ నవ్వులోని ఘాటు తెలియును. మా చాపమీది స్త్రీలు నవ్వలేదు. ఒకరి ముఖ మొకరు చూచుకొనిరి. అరెకరము పోవుట ఏమో వారెరుగుదురు.

నాగమ్మను బొత్తిగా నిర్దోషిగా నిలుపుట మాకు సమ్మతము కాదు. సంధికి వచ్చిన అలరాజును విషమిచ్చి చంపించుట కథలోనే కలదు; దానికి కథకురాలు సమాధానము చెప్పలేదు, చెప్పజాలదు. కాని ఏడెనిమిది శతాబ్దములుగా ఒక స్త్రీపై మోపిన మూటను దింపి, ఇందులో నెవరి వస్తువు లెవరివో చూతమని విప్పుట న్యాయమే కదా.

ఈ నడుమ నొక యపశ్రుతి జరిగెను. వెనుకనుండి యొక పడుచువాడు పిల్లనుద్దేశించి యొక మాట విసరెను. ఆ మాట వ్రాయదగినది కాదు. తల్లి లేవబోయినది, మేము చేయి పట్టుకొంటిమి. ముక్కాలిపీటమీది భర్త కదలలేదు. కథకురాలు పాట నాపక, అదే తాళములో వచనమునకు దిగి, కార్యమపూడికి పోవు సైన్యమున పేరు లిచ్చువారెవరని యడిగి, మన పిల్లవైపు చూచినది. పిల్ల తంబురమీదుగా వ్రేలు చాపి, “అదిగో అక్కా, ఆఖరి వరసలో బాబు ఒకరు పేరిచ్చారు. నోరు ముందు వెళ్ళింది, కత్తి కూడా తీసుకుని వెనకాల మనిషిని రమ్మను” అన్నది. జనమంతయు వెనుదిరిగి చూచిరి. వాడు నవ్వబోయి, నవ్వలేక, చెప్పులు వెదకుకొనుచు బయటికి పోయెను. ఆ చెప్పులు మేము త్రోసినవానిలోనివే కాబోలు, చాలసేపు వెదకెను.

అది హాస్యముగా గడచినది గాని, ప్రతిరాత్రియు నట్లు గడచునని మేమనుకొనము. అట్టి మాట పడి, తాళము తప్పక, కోపము కంఠములోనికి రానీయక నిలుచుట యెంత కాలము సాధనచేసిన వచ్చునో!

తరువాతి ఘట్టము మాంచాలది. పెండ్లియాడిననాటినుండి భార్య మొగము చూడక వేశ్యయింట నున్న బాలచంద్రుడు, యుద్ధమునకు పోవునాడు సెలవు పుచ్చుకొన వచ్చును. ఆమె కన్నీరు మ్రింగి కత్తి యిచ్చి పంపును. కథకురాలు ఇక్కడ అడుగు వేయుట మానివేసెను. హాస్యపు వంతయు వాద్యము దింపెను. మన పిల్ల యొకతెయే, అరచేతితో కాక వ్రేళ్ళ కొనలతో డక్కి నంటీయంటనట్లు మీటుచు, అరగంటసేపు ఆ లయను నిలిపెను. గట్టిగా కొట్టుట సులువు. ఇట్లు కొట్టుట కష్టమని మా ప్రక్కనున్న విద్యార్థిని చెవిలో చెప్పినది. ఈలలు వేసిన ఆమె స్నేహితులు కదలలేదు. తల్లి ఇప్పుడు తల యెత్తి చూచుచుండెను. మాంచాలను కాదు, కూతురి వ్రేళ్ళను.

ఐదుగంటలకు మంగళము పాడిరి. మేము లెక్కించితిమి: స్త్రీలస్థలమున మొదట నున్నవారు ముప్పదియొక్కరు, తుదకు మిగిలినవారు ఇరువదితొమ్మిదిమంది. మగవారిలో సగము పోయిరి.

పెరటిలో పిల్ల తలపాగ తీసి, వ్రేళ్ళకు చుట్టిన గుడ్డపీలికలు విప్పుచుండగా తల్లి దగ్గరకు పోయెను. కుడిచేతి రెండు వ్రేళ్ళ కొనలు చిట్లియున్నవి. తల్లి సంచిలోనుండి కొబ్బరినూనె సీసా తీసి (చేపల బుట్ట మోయు చేతులకు రాచుకొనుటకు ఆమె ఎప్పుడును దగ్గర నుంచుకొనునట) ఏమియు అనక వ్రాసినది. పిల్లయు ఏమియు అడుగలేదు. రైలులో తిరిగి వచ్చునప్పుడు ఆమె మమ్ము తీర్పడుగునని మేము మాటలు కూర్చుకొనుచుంటిమి. ఆమె యడుగలేదు. భీమడోలు దాటినపిదప తనలో తాననుకొన్నట్లు, “ఆ డక్కీ తోలు బాగాలేదండి అమ్మగారూ. అందుకే ఏళ్ళు పగులుతున్నాయి. కొత్తది ఎక్కడ సేత్తారో కనుక్కోవాలి” అన్నది.

సంబంధమువారికి ఆమె కబురు పంపినది: పిల్ల మానదు; కావలసిన కథ చెప్పునాడు వచ్చి చూచుకొనవచ్చును. ఇది వ్రాయునప్పటికి వారి ప్రత్యుత్తరము రాలేదు.

మనలో పెండ్లిండ్లు, గృహప్రవేశములు చేయువారు విద్యుద్దీపముల తోరణములకును, వీథి దద్దరిల్లు శబ్దయంత్రములకును పెట్టు వ్యయములో కొంతతో నొక దళమును పిలిపింపవచ్చును. ఆ రాత్రి క్లబ్బువారు మూడు దళముల కిచ్చినదంతయు కలిపిన ఒక పెండ్లిపందిరి పూలవెలకు చాలదు. ఫాల్గుణమాసమున కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతరకు పోవువారు ఆ ప్రాంతముల కళాకారులను విచారించుకొనవచ్చును. పిలుచువారికి మేము గమనించిన కొన్ని సంగతులు: విందునకు ముందు కథ పెట్టరాదు, ఆకలిగొన్నవాడు వినడు, విందైన వెంటనే పెట్టరాదు, తిన్నవాడు కునుకును, గంట వ్యవధి మేలు. వేదిక నేలకు మూరెడెత్తు చాలును గాని పలకలు కదలరాదు, గజ్జెకాలు జారును. స్త్రీల దళమైనచో తలుపు గడియపడు గది యొకటి ముందుగా చూపవలెను. డక్కీలు సెగ చూపుకొనుటకు నాలుగు బొగ్గులు. వేదికప్రక్కన గోరువెచ్చని నీరు చెంబెడు. మంచుపెట్టెలోని సీసానీరు వలదు, గొంతు పట్టును.